ఒక్క హార్డ్‌డిస్క్‌కి అన్ని డ్రైవ్‌లు ఎందుకు?

పాత కంప్యూటర్లలో 'మై కంప్యూటర్' తెరిస్తే సీ, డీ, ఈ, ఎఫ్ అని వరసగా డ్రైవ్‌లు కనిపించేవి. లోపల హార్డ్‌డిస్క్ మాత్రం ఒక్కటే. సర్దుకోవడానికి వీలుగా ఉంటుందని అలా చేస్తారని చాలామంది అనుకుంటారు. మొదట్లో అది వీలు కోసం కాదు, వేరే దారి లేక.

1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ 10 ఎంబీ హార్డ్‌డిస్క్‌తో వచ్చింది. మరుసటి ఏడు అలాంటి పీసీలను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ 3.0 వచ్చింది. డిస్క్ మీది చోటును అది 512 బైట్ల చిన్న ముక్కలుగా, అంటే సెక్టార్లుగా లెక్కపెట్టేది. ఎన్ని సెక్టార్లున్నాయో రాసుకోవడానికి పెట్టుకున్న చోటు 16 బిట్లు. ఫారంలో ఇంటి నంబరుకి రెండే గడులుంటే 100వ ఇంటిని ఎక్కడ రాస్తాం? ఇదీ అంతే. 16 బిట్లలో 65 వేల పైచిలుకు అంకె వరకే పడుతుంది. దాన్ని 512తో గుణిస్తే 32 ఎంబీ. డబ్బు పోసి 40 ఎంబీ డిస్క్ కొన్నా ఒకే డ్రైవ్‌గా వాడుకునే వీల్లేదు. డిస్క్‌లో విడదీసిన భాగాన్ని పార్టిషన్ అంటారు. 1987లో డాస్ 3.3 ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ తెచ్చాక, మిగిలిన చోటు ఇంకో డ్రైవ్‌గా పనికొచ్చింది. అదే ఏడు కాంపాక్ కంపెనీ తన డాస్ 3.31లో, 1988లో డాస్ 4.0 ఆ గడిని 32 బిట్లకు పెంచాయి.

అయినా గోడ పోలేదు, కాస్త దూరం జరిగిందంతే. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే చిట్టా, అంటే ఫ్యాట్, ఇంకా 16 బిట్లదే. అందులోనూ 65 వేల క్లస్టర్లకే చోటు. క్లస్టర్ అంటే సెక్టార్ల కట్ట; ఎంత చిన్న ఫైలుకైనా కనీసం ఒక కట్ట మొత్తం ఇవ్వాల్సిందే. డిస్క్ పెరిగితే క్లస్టర్‌నే పెద్దది చేయాలి. డాస్‌లో, విండోస్ 95లో దాని గరిష్ఠం 32 కేబీ కాబట్టి పార్టిషన్ 2 జీబీ దగ్గర ఆగిపోయింది.

నాకు బాధనిపించేది ఆ 2 జీబీ హద్దు కన్నా దానివల్ల పోయిన చోటు. 1 కేబీ ఉత్తరం టైప్ చేసి సేవ్ చేస్తే డిస్క్ మీద 32 కేబీ పోయేది. అలాంటివి వెయ్యి ఉంటే 31 ఎంబీ ఊరికే వృథా. అదే 500 ఎంబీ పార్టిషన్ అయితే క్లస్టర్ 8 కేబీకి దిగుతుంది. అందుకే 2 జీబీలోపు డిస్క్‌ని కూడా తెలిసినవాళ్లు ముక్కలు చేసేవాళ్లు.

అన్నీ ఆపరేటింగ్ సిస్టమ్ తప్పులూ కావు. 528 ఎంబీ దగ్గర ఆగిపోవడం బయాస్‌కీ (కంప్యూటర్‌ని మొదట లేపే ప్రోగ్రాం) ఐడీఈ రకం హార్డ్‌డిస్క్‌కీ లెక్క కుదరక వచ్చిన చిక్కు.

1996లో విండోస్ 95 రెండో విడతతో, చిట్టాలో గడిని పెంచిన ఫ్యాట్32 వచ్చింది. విండోస్ 98లో డిస్క్‌ని ముక్కలు చేసే ప్రోగ్రాం ఎఫ్‌డిస్క్ మొదలవగానే పెద్ద డిస్క్ సపోర్ట్ కావాలా అని అడిగేది. చదవకుండా 'ఎన్' కొడితే 6 జీబీ డిస్క్ మళ్లీ 2 జీబీ ముక్కలే.

డిస్క్‌లో ఏ పార్టిషన్ ఎక్కడుందో రాసుకునే పాత పద్ధతి ఎంబీఆర్‌లో అదే కథ 2 టీబీ దగ్గర తిరిగొచ్చింది: 32 బిట్ల గడి, 512 బైట్ల సెక్టార్. కొత్త 4 టీబీ డిస్క్‌ని ఎంబీఆర్‌గా పెడితే విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాదాపు సగం నల్ల పట్టీతో 'అన్‌అలొకేటెడ్' అని మిగిలిపోతుంది. కొత్త పద్ధతి జీపీటీకి మార్చాలి. డిస్క్ మేనేజ్‌మెంట్ ఖాళీ డిస్క్‌నే మార్చనిస్తుంది కాబట్టి ఫైళ్లు వేయకముందే చూసుకోండి.