గ్డాన్స్క్‌లో రెండు రోజులు: అపోహలు – వాస్తవాలు

పోలాండ్ ఉత్తర తీరంలోని రేవు నగరం గ్డాన్స్క్‌కు వచ్చే తెలుగువారికి ప్రయాణం ఏర్పాటు చేసి, దగ్గరుండి ఊరు చూపించడం నా వృత్తి. వచ్చేవారిలో ఎక్కువమంది జర్మనీలో చదువుకుంటున్న విద్యార్థులు. లండన్ వైపు నుంచి వచ్చే యువ దంపతులు, పిల్లలను చూడడానికి వచ్చి వారి వెంట బయలుదేరిన తల్లిదండ్రులు కూడా ఉంటారు. అందరి దగ్గరా ఉండేవి చౌక విమాన టికెట్టు, రెండు రాత్రుల సమయం, లెక్క చూసుకుని ఖర్చు పెట్టవలసిన డబ్బు. ఈ ఊరికి అవి చాలునని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఇక్కడ చూడవలసిన వాటిలో అతి ముఖ్యమైనవి వీధిలోనే, టికెట్టు లేకుండా ఉన్నాయి. అయితే చూస్తున్నది ఏమిటో తెలియకపోతే అవి ఎదురుగా ఉన్నా కనిపించవు.

అపోహ: బ్రిటన్ లేదా ఐర్లాండ్ వీసా ఉంటే పోలాండ్‌కు వెళ్లిరావచ్చు.

వాస్తవం: కుదరదు. పోలాండ్ 2007 డిసెంబరు నుంచి షెంజెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమిలో ఉంది. బ్రిటన్, ఐర్లాండ్ అందులో లేవు. కాబట్టి ఆ దేశాల్లో వీసా మీద ఉంటున్న భారత పాస్‌పోర్టుదారులు విడిగా షెంజెన్ వీసా తీసుకోవాలి. జర్మనీ, నెదర్లాండ్స్ వంటి షెంజెన్ దేశాల నివాస అనుమతి కార్డు ఉన్నవారికి మాత్రం ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజుల వరకు వేరే వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు, కార్డు రెండూ అసలువే వెంట ఉండాలి. ఫోనులో కార్డు ఫొటో చూపిస్తే సరిపోతుందనుకున్న ఒక విద్యార్థినిని విమానం ఎక్కనివ్వలేదు. నెలల తరబడి దాచుకున్న డబ్బు ఆ ఒక్క ఉదయంలో పోయింది. అప్పటి నుంచి ఎవరు ఫోన్ చేసినా ముందుగా ఈ సంగతే చెబుతున్నాను.

అపోహ: యూరోలు తెచ్చుకుంటే చాలు.

వాస్తవం: ఇక్కడ చెల్లేది జ్లోటీ. కార్డు దాదాపు అన్నిచోట్లా తీసుకుంటారు. ఏటీఎం గాని, దుకాణంలోని కార్డు యంత్రం గాని మీ సొంత కరెన్సీలో చెల్లిస్తారా అని అడిగితే జ్లోటీనే ఎంచుకోండి, లేకపోతే వారు నిర్ణయించిన నష్టపు మారకపు ధర మీ మీద పడుతుంది. హోటల్లో బిల్లుకు నోటు ఇస్తూ మర్యాదకు "జెంకూయె" అని ధన్యవాదాలు చెబితే, చిల్లర ఉంచుకోమన్నారని అర్థం చేసుకుంటారు. చిల్లర చేతికి వచ్చాకే ఆ మాట అనండి. ఇంకొకటి, ఆదివారాలు చాలావరకు పెద్ద దుకాణాలు మూసి ఉంటాయి కనుక రొట్టె, పాలు, పండ్లు శనివారమే కొని పెట్టుకోవాలి.

అపోహ: విమానాశ్రయం ఊరికి దూరం కాబట్టి టాక్సీ తప్పదు.

వాస్తవం: 210 నంబరు సిటీ బస్సు, లోకల్ రైలు రెండూ ఉన్నాయి. మామూలు సిటీ టికెట్టుతోనే బస్సు ప్రధాన రైల్వేస్టేషన్ దాకా తీసుకువస్తుంది. కాగితపు టికెట్టు కొన్నవారు బస్సెక్కగానే అక్కడి చిన్న యంత్రంలో దానిమీద ముద్ర వేసుకోవాలి. ముద్ర లేని టికెట్టును టికెట్టుగా లెక్కించరు, జరిమానా వేస్తారు.

అపోహ: ఇక్కడ మనం చూసేది ఏడువందల ఏళ్లుగా చెక్కుచెదరని పాత పట్టణం.

వాస్తవం: నేను అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకుని చెప్పేది దీని గురించే. ముందుగా పేరు సంగతి: అందరూ పాత పట్టణం అనే భాగం నిజానికి "గ్వూవ్నే మియాస్తో", అంటే ప్రధాన పట్టణం, పాత పట్టణం అనే పేరున్న పేట దానికి ఉత్తరాన వేరుగా ఉంది. ఇక ప్రధాన పట్టణంలోని ద్వుగా వీధిలో వరుసగా నిలబడిన సన్నని, ఎత్తైన, రంగురంగుల ఇళ్ల వయసు చాలామంది యాత్రికుల తాతల వయసు కంటే తక్కువ. 1945 మార్చిలో సోవియట్ సైన్యం నగరాన్ని పట్టుకున్నప్పుడు బాంబులకు, తుపాకులకు, ఆ తర్వాత చెలరేగిన మంటలకు ఈ పట్టణంలో దాదాపు 90 శాతం నేలమట్టమైంది. అప్పటివరకు ఇక్కడ ఉన్నవారిలో అత్యధికులు జర్మన్లు. వారు పారిపోయారు లేదా పంపివేయబడ్డారు. యుద్ధం తర్వాత సరిహద్దులు మారి తూర్పున తమ ఊళ్లు పోగొట్టుకున్న పోలిష్ కుటుంబాలు ఎన్నో వచ్చి ఈ శిథిలాల మధ్య కాపురం పెట్టాయి.

వారు 1950లు, 60లలో పాత చిత్రాలు, ఫొటోలు చూసి ఇళ్ల ముఖభాగాలను తిరిగి కట్టారు. ఉన్నది ఉన్నట్టుగా కట్టలేదు. పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ కాలం ఆనవాళ్లను వదిలిపెట్టి, అంతకు ముందు నగరం పోలిష్ రాజుల కింద ఉన్న రోజుల రూపాన్ని ఎంచుకున్నారు. ఆ ముఖాల వెనుక కట్టినవి వ్యాపారుల భవంతులు కావు, కార్మికుల కుటుంబాలకు ఫ్లాట్లు. నమ్మకం కలగకపోతే ద్వుగా వీధిలో ఏదో ఒక సందులోంచి వెనక్కి నడవండి: పూర్వం ఇళ్లు కిక్కిరిసి ఉన్న చోట ఇప్పుడు చెట్లు, ఆరేసిన బట్టలు, పిల్లల ఉయ్యాలలు ఉన్న విశాలమైన పెరళ్లు కనిపిస్తాయి. ఇది తెలిశాక కొందరు యాత్రికులు నిరాశపడి, అయితే ఇదంతా నకలేనా అని అడుగుతారు. నాకు అలా తోచదు. తమది కాని ఊరిని, ఇటుక ఇటుకా పేర్చి తమదిగా చేసుకున్నవారి పనితనం ఏ కోటకూ తీసిపోదు.

పాతవి కూడా ఉన్నాయి. 1343లో మొదలై 1502లో పూర్తయిన సెయింట్ మేరీ చర్చి ప్రపంచంలోని అతి పెద్ద ఇటుక చర్చిలలో ఒకటి; దాని గోపురం మీదికి దాదాపు 400 మెట్లు ఎక్కవచ్చు. మోట్వావా నది ఒడ్డున ఉన్న జురావ్ అనే క్రేన్ 1440లలో కట్టినది. దాని లోపలి పెద్ద చక్రాలలో మనుషులు నడుస్తూ ఓడలకు బరువులు ఎత్తేవారు. ఇటుక గోడలు మిగిలాయి గాని, 1945లో కాలిపోయిన చెక్క భాగాన్ని తర్వాత మళ్లీ చేశారు. మ్యూజియంలోకి వెళ్లదలచినవారు, శాశ్వత ప్రదర్శనలను వారంలో ఒక రోజు ఉచితంగా చూడనివ్వాలన్న నియమం పోలాండ్‌లో ఉందని గుర్తుంచుకుని, ఆ రోజు ఏదో ముందే చూసుకుంటే టికెట్టు డబ్బు మిగులుతుంది.

అపోహ: రేవు నగరం కాబట్టి గది కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది.

వాస్తవం: ప్రధాన పట్టణం నది ఒడ్డున ఉంది, సముద్రం కొన్ని కిలోమీటర్ల అవతల ఉంది. స్తోగి బీచికి 8 నంబరు ట్రామ్ వెళుతుంది. విశాఖ, సూర్యలంక అలలు మనసులో పెట్టుకుని రావద్దు. ఇక్కడి బాల్టిక్ సముద్రపు నీరు నిండు వేసవిలోనూ చల్లగా ఉంటుంది, లీటరుకు సుమారు 7 గ్రాముల ఉప్పే ఉంటుంది, మహాసముద్రాల్లో అది 35 గ్రాములు.

అపోహ: శాకాహారులు వెంట తెచ్చుకున్న పులిహోర పొడితోనే గడపాలి.

వాస్తవం: "బార్ మ్లెచ్నీ" అని బోర్డు ఉన్న చోటికి వెళ్లండి. పాల హోటల్ అని ఆ మాటకు అర్థం. ప్రభుత్వ సబ్సిడీ అందే సాదా భోజనశాలలు ఇవి, విద్యార్థులూ పింఛనుదారులూ పక్కపక్కనే కూర్చుని తింటారు. బంగాళాదుంప, తెల్ల జున్ను కూరిన "పియెరోగి రుస్కియె" మన కజ్జికాయ ఆకారంలో ఉండి, నీటిలో ఉడుకుతాయి. వాటిమీద వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లే అలవాటు ఉంది కనుక "బెజ్ మ్యెంసా", అంటే మాంసం లేకుండా అని ముందే చెప్పాలి. కూరగాయల సూపైనా మాంసపు రసంతో కాచి ఉండవచ్చు. గుడ్డు కూడా తినని పెద్దవారు పిండి వంటల విషయంలో అడిగి తీసుకోవడం మంచిది. ఈ భోజనశాలలను సాయంత్రం తొందరగా మూసేస్తారు.

అపోహ: వీధి బల్లమీద చౌకగా దొరికే అంబర్ కొంటే లాభం.

వాస్తవం: సంస్కృతంలో తృణమణి అన్నది దీనినే, రుద్దితే గడ్డిపరకను ఆకర్షిస్తుంది కనుక. నాలుగు కోట్ల ఏళ్లకు పైబడిన, చెట్ల నుంచి కారి గట్టిపడిన ఈ జిగురుకు ప్లాస్టిక్ నకళ్లు విపరీతంగా ఉన్నాయి. మంచి నీటిలో మునిగి, బాగా ఉప్పు కలిపిన నీటిలో తేలడం అంబర్ లక్షణం, కాని బల్ల దగ్గర ఆ పరీక్ష చేయనివ్వరు. ధ్రువపత్రం ఇచ్చే దుకాణంలో చిన్న ముక్క కొనుక్కోండి.

అపోహ: షిప్‌యార్డు వైపు వెళ్లడం దండగ, ఆ సమయంలో మాల్బోర్క్ కోట చూడవచ్చు.

వాస్తవం: మాల్బోర్క్ రైలులో గంట లోపు దూరమే, గొప్ప కోట, కాని అది సగం రోజుకు పైగా తీసుకుంటుంది. షిప్‌యార్డు ప్రధాన స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దగ్గర. 1980 ఆగస్టు 14న ఇక్కడ సమ్మె మొదలైంది, పింఛనుకు కొద్ది నెలల ముందు అన్నా వలెంతినోవిచ్ అనే క్రేన్ ఆపరేటరును ఉద్యోగంలోంచి తీసేసినందుకు. లెహ్ వవెన్సా నాయకత్వంలో కార్మికులు 21 కోరికలు రెండు చెక్క పలకలమీద రాసి 2వ నంబరు గేటుకు కట్టారు. ఆగస్టు 31న ప్రభుత్వం ఒప్పందం మీద సంతకం చేసింది, సాలిడారిటీ అనే కార్మిక సంఘం పుట్టింది. ఆ గేటు, దాని ముందు 1970లో కాల్పులకు బలైన కార్మికుల జ్ఞాపకార్థం నిలిపిన 42 మీటర్ల మూడు శిలువలు ఎప్పుడు వెళ్లినా ఉచితంగా చూడవచ్చు.

ఒకసారి విశాఖ షిప్‌యార్డులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన కొడుకుతో కలిసి వచ్చారు. మధ్యాహ్నం మాల్బోర్క్ వెళ్లాలని కొడుకు టికెట్లు కూడా తీశాడు. గేటు దగ్గర నేను ఆ కోరికలను ఒక్కొక్కటే తెలుగులో చెబుతుంటే, మూడేళ్ల ప్రసూతి సెలవు, శనివారాలు సెలవు అనేవి వచ్చినప్పుడు ఆయన ఆపి, "ఇవి కూడా అడిగారా బాబూ" అని మళ్లీ చెప్పించుకున్నారు. తర్వాత ఆ క్రేన్ ఆపరేటరమ్మను తిరిగి పనిలోకి తీసుకున్నారా అని అడిగారు. తీసుకున్నారని చెప్పాను. ఆయన శిలువల కింద ఉన్న అరుగు మీద కూర్చుండిపోయారు, మేమిద్దరం కూడా ఆయన పక్కన కూర్చున్నాము, మాల్బోర్క్ రైలు వెళ్లిపోయింది.