కరువు సీమలో దోమల లెక్క

కోస్తాలో దోమ జాతుల సర్వే అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. అక్కడ ఉప్పుకయ్యలు, మడ అడవులు, చేపల చెరువులు ఉంటాయి. అదే మాట అనంతపురంలో అంటే "నీళ్లే లేవు, దోమలెక్కడివి సామీ?" అని నవ్వుతారు. అసలు కిటుకంతా ఆ కరువులోనే ఉంది.

ఇక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు డ్రమ్ములు, సిమెంటు తొట్లు, సంపులు నింపుకోక తప్పదు. కాళ్ల మీద తెల్లచారలున్న ఏడిస్ ఈజిప్టైకి ఆ మంచినీళ్లే పుట్టిల్లు. పగలు కుట్టే దోమ ఇది. నీటి అంచుకు కాస్త పైన, తొట్టి గోడకు గుడ్లు అంటిస్తుంది. తొట్టి ఎండినా అవి నెలల తరబడి చావవు. అందుకే నీళ్లు ఒంపేస్తే సరిపోదు, గోడలు రుద్ది కడగాలి. ఈ దోమ మోసే, దేశంలో 1973 తర్వాత కనబడని చికున్‌గున్యా 2005 చివర్లో తిరిగొచ్చినప్పుడు మొదట దెబ్బతిన్న వాటిలో సీమ జిల్లాలున్నాయి. కీళ్లు పట్టేసి ఇంటిల్లిపాదీ మంచాన పడ్డారు.

కర్నూలు-కడప కాలువ కింద కథ వేరు. 1860ల్లో తవ్విన ఆ కాలువ కింద వరిమళ్లు వచ్చాయి. మెదడువాపు వ్యాధిని మోసే క్యూలెక్స్ ట్రైటీనియోరింకస్ అనే దోమ పెరిగేది అలాంటి మళ్లలోనే. వైరస్ కొంగల్లో, పందుల్లో ఉంటుంది, దోమ దాన్ని మనిషికి అంటిస్తుంది. 2000 తర్వాత కర్నూలు జిల్లా పల్లెల్లో దోమల్ని పట్టి పరీక్షిస్తే వాటిలో ఆ వైరస్ దొరికింది.

ఇక మలేరియా. 1953లో జాతీయ కార్యక్రమం మొదలై ఇళ్ల గోడలకు డీడీటీ అనే పురుగుమందు కొట్టారు. దేశంలో కేసులు 1965 నాటికి లక్షకు దిగాయి, 1976లో 64 లక్షలకు ఎగబాకాయి. దోమలు ఆ మందుకు అలవాటు పడిపోవడం అందుకు ఒక కారణం.

జాతి తెలియకుండా పొగ కొట్టడం నా దృష్టిలో దండగ. సాయంత్రం వీధిలో పొగ వదిలితే పగలు ఇంట్లో కుట్టే ఏడిస్‌కు పట్టదు. సర్వే చేసేవాళ్లు పశువుల కొట్టంలో టార్చి వేసి, గొట్టంతో దోమల్ని పీల్చి పట్టేది, తొట్లలో గరిటె ముంచి చూసేది అందుకే. లార్వా (నీళ్లలో ఉండే దోమ పిల్ల పురుగు) నీటి మీద అడ్డంగా పడుకుంటే మలేరియాను మోసే అనాఫిలిస్, తలకిందులుగా వేలాడితే క్యూలెక్సో, ఏడిసో.

లార్వా దొరికిందని డ్రమ్ము ఒంపమంటే ఇల్లాలు ఊరుకోదు. "మళ్లీ నీళ్లు నువ్వు తెచ్చిస్తావా నాయనా?" అంటుంది. ఆమెదీ న్యాయమే. ఆ నీళ్లలో లార్వాను చంపే టెమిఫాస్ మందు వేసి, మూతి మీద పాత చీర ముక్క బిగించి కడితే గుడ్లు పెట్టడానికి దోమకు దారి దొరకదు.