న్యాయ చరిత్ర కాన్ఫరెన్స్‌కి వెళ్లాలా వద్దా అనుకునేవాళ్లకి: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఏ పేపర్ చదవాలనుకుంటున్నామో చెప్పే ప్రపోజల్స్ పంపే నెలలు వచ్చాయంటే చాలు, నా దగ్గర పీహెచ్‌డీ చేసేవాళ్లూ, ఎక్కడెక్కడి నుంచో మెయిల్ రాసే కొత్తవాళ్లూ అవే భయాలు చెబుతారు. నేను 18వ శతాబ్దపు క్రిమినల్ విచారణల మీద పనిచేస్తాను. ఈ సమావేశాల్లో పేపర్లు చదివాను, సెషన్ నడిపే చైర్‌గా కూర్చున్నాను, ప్రపోజల్స్ ఎంపిక చేసే కమిటీలోనూ ఉన్నాను. ఆ భయాల్లో చాలావాటికి ఆధారం లేదు. కొన్నింటికి ఉంది, వాటి గురించీ చెబుతాను.

అపోహ: లా డిగ్రీ ఉన్నవాళ్లకే అక్కడ చోటు

ఈ మాట నమ్మి ఎంతమంది మంచి పరిశోధకులు ఆగిపోయారో తలచుకుంటే బాధేస్తుంది. అమెరికన్ సొసైటీ ఫర్ లీగల్ హిస్టరీ 1956లో మొదలైంది. దాని వార్షిక సమావేశంలో లా స్కూల్ ప్రొఫెసర్లూ, హిస్టరీ డిపార్ట్‌మెంట్లలో పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లూ ఒకే ప్యానెల్‌లో పక్కపక్కనే కూర్చుంటారు. లా నుంచి వచ్చినవాళ్లు "ఆ రూల్ ఎప్పుడు మారింది, ఏ తీర్పుతో మారింది" అని అడుగుతారు. చరిత్ర నుంచి వచ్చినవాళ్లు "కోర్టు గడప తొక్కిన ఆ మనిషి ఎవరు, కేసు నడపడానికి డబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చింది" అని అడుగుతారు. మీరు ఏ వైపు నుంచి వచ్చినా రెండో వైపువాళ్ల ప్రశ్న మీ పేపర్‌కి కావాలి. డిగ్రీ లేకపోవడం లోటు కాదుగానీ ఆ కాలపు ప్రొసీజర్ తెలియకపోవడం మాత్రం లోటే. రిట్ అంటే ఏమిటి, అప్పీలు ఎవరి దగ్గరికి వెళ్లేది, జ్యూరీ ఏది తేల్చేది, జడ్జి ఏది తేల్చేవాడు, ఇవేమీ తెలుసుకోకుండా కేసు కథ చెప్పబోతే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

అపోహ: పని మొత్తం పూర్తయ్యాకే ప్రపోజల్ పంపాలి

ప్రపోజల్ పంపే రోజుకీ సమావేశం జరిగే రోజుకీ మధ్య చాలా నెలలుంటాయి. కమిటీలో కూర్చున్నప్పుడు నేను చూసేది రెండే: ప్రశ్న స్పష్టంగా ఉందా, దానికి జవాబు వెతకడానికి ఏ దస్త్రాలు చూస్తున్నారో చెప్పారా. "దీని మీద ఇంతవరకూ ఎవరూ రాయలేదు" అన్న ఒక్క వాక్యం మీద నిలబడ్డ ప్రపోజల్స్ చాలా వస్తాయి. ఎవరూ రాయకపోవడం ఒక కారణం కాదు, రాస్తే మనకు కొత్తగా ఏం తెలుస్తుందో చెప్పాలి. ఇంకో మాట, చాలా చోట్ల విడి పేపర్ కన్నా ముగ్గురు కలిసి పూర్తి ప్యానెల్‌గా పంపితే అవకాశం ఎక్కువ, ఎందుకంటే విడి పేపర్లను ఒకచోట కూర్చి వాటికి ఒక అర్థం తేవడం కమిటీకి కష్టమైన పని.

అపోహ: చాప్టర్ చేతిలో ఉంటే చాలు, అక్కడ చదివేయొచ్చు

మీకు దొరికేది 15 నుంచి 20 నిమిషాలు. అందులో ఒక వాదన, దాన్ని మోసే ఒకటో రెండో కేసులు, అంతే పడతాయి. నలభై పేజీల చాప్టర్‌ని హడావిడిగా చదివితే ఎవరికీ ఏమీ మిగలదు, పైగా మీరు దాటిన ప్రతి నిమిషమూ చివర మాట్లాడే వ్యక్తి సమయంలోంచే పోతుంది. ఆ చివరి వ్యక్తి చాలాసార్లు మొదటిసారి మాట్లాడుతున్న విద్యార్థి. చైర్‌గా ఉన్నప్పుడు నేను సమయం విషయంలో గట్టిగా ఉండేది అందుకే. ప్యానెల్‌లోని పేపర్లన్నిటి మీదా చివర మాట్లాడే కామెంటేటర్‌కి పేపర్ ముందే, చెప్పిన తేదీకే పంపండి. ఆయనో ఆవిడో మూడు పేపర్లూ చదివి, వాటిని కలిపే దారం పట్టుకుని మాట్లాడాలి, అది ముందురోజు రాత్రి అందిన పేపర్‌తో అయ్యే పని కాదు.

అపోహ: ప్రశ్నలడిగేవాళ్లు పరువు తీయడానికే అడుగుతారు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ రంగం అర్థమైంది ఒక ప్రశ్నతోనే.

మొదట్లో ఒకసారి లండన్‌లోని క్రిమినల్ కోర్టు ఓల్డ్ బెయిలీ విచారణల మీద పేపర్ చదివాను. ఆ కోర్టు విచారణల ముద్రిత కథనాలు 1674 నుంచి 1913 వరకూ ఉన్నాయి, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరైనా చదవొచ్చు. నేను తీసుకున్న దొంగతనం కేసులో ముద్దాయి అయిన ఆడమనిషి మాట ఒక్కటి కూడా లేదు. అప్పట్లో అది చిన్న విషయం కాదు. ఇంగ్లండ్‌లో 1836 చట్టం వచ్చేదాకా ఫెలొనీ (పెద్ద నేరాల) కేసుల్లో లాయర్ జ్యూరీ ముందు నిలబడి ముద్దాయి తరఫున వాదన వినిపించే వీల్లేదు, కాబట్టి తన కథ తానే చెప్పుకోవాలి. అలాంటి చోట ఈమె ఎందుకు నోరు విప్పలేదు? ఆ మౌనానికి అర్థం ఇదీ అని మూడు పేజీలు రాశాను, బాగా రాశాననే అనుకున్నాను.

చివరి వరుసలోంచి ఒక పెద్దాయన లేచి, చాలా నెమ్మదిగా, "ఆవిడ మాట్లాడలేదా, లేక మాట్లాడింది అచ్చువేసినవాళ్లు వదిలేశారా? మీకెలా తెలుసు?" అని అడిగారు.

నాకు తెలియదు. అదే చెప్పాను. గదిలో ఎవరూ నవ్వలేదు, ఇద్దరు ముగ్గురు మాత్రం తల ఊపి నోట్సులో ఏదో రాసుకున్నారు. సెషన్ అయ్యాక ఆయనే నా దగ్గరికి వచ్చి అరగంట కూర్చున్నారు. ఆ కథనాలు జనం కొనుక్కుని చదవడానికి అచ్చయినవనీ, చోటు సరిపోకపోతే మాటలు కోసేసేవారనీ, విచారణలో లాయర్ ఉన్నా ఆ సంగతే రాయకుండా వదిలేసిన సందర్భాలున్నాయనీ చెప్పారు. న్యాయ చరిత్రకారుడు జాన్ లాంగ్‌బీన్ ఈ కథనాలను అంత లోతుగా వాడుకుంటూనే వాటి మౌనాన్ని నమ్మొద్దని ఎందుకు హెచ్చరించారో అప్పుడు నాకు తెలిసొచ్చింది. ఆ కథనం పక్కన అదే విచారణ గురించి వచ్చిన పత్రికల వార్తలూ, విచారణకి ముందు సాక్షులిచ్చిన వాంగ్మూలాలూ పెట్టి చూడమన్నారు. ఆ మూడు పేజీలూ తీసేశాను. తర్వాత కొన్నేళ్ల నా పని మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

నిజంగా పరువు తీయాలని వచ్చేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. ప్రశ్న అని మొదలుపెట్టి తమ పుస్తకం గురించి ఐదు నిమిషాలు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు మీరు అక్కడికక్కడే జవాబు చెప్పి తీరాలన్న నియమం లేదు. "దీని గురించి ఆలోచించాలి, తర్వాత మాట్లాడదాం" అంటే సరిపోతుంది. అలాంటివాళ్లను ఆపడం చైర్ బాధ్యత.

అపోహ: రికార్డులన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, ఇక అంత దూరం వెళ్లడం దేనికి

ఆన్‌లైన్‌లో చాలా ఉన్న మాట నిజమే. మధ్యయుగపు ఇంగ్లిష్ కోర్టుల ప్లీ రోల్స్ (కేసుల వివరాలు రాసిన తోలు చుట్టలు) ఫొటోలు ఆంగ్లో-అమెరికన్ లీగల్ ట్రెడిషన్ సైట్‌లో లక్షల్లో ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు. కానీ తెరిచి చూడండి. గొర్రె తోలు మీద, సంక్షిప్త అక్షరాల లాటిన్‌లో ఉంటుంది. ఇంగ్లండ్ కోర్టు రికార్డులు, మధ్యలో 1650ల్లో కొన్నేళ్లు తప్పితే, 1733 దాకా లాటిన్‌లోనే నడిచాయి. అప్పటి పెద్ద కోర్టుల్లో ఒకటైన కామన్ ప్లీస్ రోల్స్ సీపీ 40 అనే సిరీస్‌లో, ఇంకోటైన కింగ్స్ బెంచ్‌వి కేబీ 27లో ఉంటాయని పుస్తకాల్లో దొరుకుతుంది. ఏ రోల్ చివర ఏం వెతకాలో, ఏ క్లర్క్ చేతిరాతలో ఏ గుర్తుకి ఏ అర్థమో మాత్రం వాటితో ఏళ్లు గడిపినవాళ్లే చెప్పగలరు. వాళ్లు కాఫీ బ్రేక్‌లో దొరుకుతారు, అడిగితే సంతోషంగా చెబుతారు. నా అనుభవంలో ఈ రంగం వాళ్లకి దస్త్రం గురించి అడిగినంత ఇష్టమైన ప్రశ్న ఇంకోటి లేదు.

అపోహ: పాత సంగతులు, ఇవాళ్టి కోర్టులకీ దీనికీ సంబంధం లేదు

2022లో అమెరికా సుప్రీంకోర్టు బ్రూయెన్ కేసులో తుపాకుల చట్టాలు నిలబడాలంటే దేశ చరిత్రలోని సంప్రదాయంతో సరిపోవాలని తేల్చింది. అదే ఏడాది తీర్పు వచ్చిన, అబార్షన్ హక్కు మీది డాబ్స్ కేసులో చరిత్రకారుల సంఘాలు కోర్టుకి తమ వాదన రాసి పంపాయి. అప్పట్నుంచి అమెరికాలో కింది కోర్టుల్లోని జడ్జీలు కూడా 18వ, 19వ శతాబ్దాల చట్టాలు వెతుక్కోవాల్సి వస్తోంది. నన్ను ఆలోచింపజేసేది ఏమిటంటే, కోర్టుకి అవునో కాదో ఒక్క జవాబు కావాలి, మన దస్త్రాల్లో చాలాసార్లు ఆ ఒక్క జవాబు ఉండదు. ఒకే ఏడాది ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా జరిగి ఉంటుంది. దాన్ని నిజాయితీగా ఎలా చెప్పాలన్నది ఈ మధ్య గంటల తరబడి వాదించుకోవాల్సిన విషయం అయింది, ఆ వాదన వినడానికైనా వెళ్లొచ్చు.

అపోహ: పెద్దవాళ్లతో పరిచయం లేకపోతే మూలన నిలబడాల్సిందే

మొదటిరోజు అలాగే అనిపిస్తుంది, కాదనను. అయితే కొత్తవాళ్ల కోసం ప్రత్యేకంగా పెట్టినవి ఉన్నాయి, అడగనిదే ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. అమెరికన్ సొసైటీలో కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవాళ్ల పేపర్లకి కేథరిన్ ప్రేయర్ పేరు మీద అవార్డు ఉంది, ఎంపికైనవాళ్లు సమావేశంలోనే ప్రత్యేక ప్యానెల్‌లో మాట్లాడతారు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 2001 నుంచి రెండేళ్లకోసారి కొత్త పరిశోధకుల కోసం హర్స్ట్ సమ్మర్ ఇన్‌స్టిట్యూట్ జరుగుతుంది. అన్నీ ఏటేటా జరిగేవే అనుకోకండి, 1972లో మొదలైన బ్రిటిష్ లీగల్ హిస్టరీ కాన్ఫరెన్స్ కూడా రెండేళ్లకోసారే, కాబట్టి ఒకసారి తేదీ తప్పితే చాలా కాలం ఆగాలి.

ఎవరితోనైనా మాట కలపాలంటే "మీ పేపర్ చాలా బాగుంది" దగ్గర ఆగిపోకండి. "ఆ పిటిషన్ మీకు ఏ కట్టలో దొరికింది?" అని అడగండి. ఆ సాయంత్రం గదికి వెళ్లగానే, నిద్రపోయేలోపు, మీకు వచ్చిన ప్రశ్నలన్నీ అడిగినవాళ్ల మాటల్లోనే రాసిపెట్టుకోండి. మర్నాటికి మీకు నచ్చిన ప్రశ్నలే గుర్తుంటాయి.