మొటిమలకు క్యాప్సూల్ వాడబోయే పిల్లలకు

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ, ఈ ఉత్తరం చదివే మీ ఈడు పిల్లలందరికీ అమ్మమ్మ దీవించి రాయునది.

మొన్న సంక్రాంతికి అందరూ వచ్చినప్పుడు, ఫొటో తీద్దామన్న ప్రతిసారీ మీలో ఒకరు మేడ మీదకు వెళ్లిపోవడం నేను చూశాను. దవడల పొడవునా గట్టిగా, నొప్పిగా లేచిన ఎర్రటి గడ్డలను చూసి చుట్టాలు తలా ఒక మాట అన్నారు. వేడి చేసిందని ఒకరు, మిరియం అరగదీసి పెట్టమని ఒకరు, పెళ్లయితే అవే పోతాయని మరొకరు. నలుగురిలో ఆ సంగతి ఎత్తితే బిడ్డ ఇంకా ముడుచుకుపోతాడని నేను నోరు విప్పలేదు. మీ తాతయ్యతో కలిసి మందుల షాపులో కౌంటరు వెనక ముప్ఫై ఏళ్లు నిలబడిన ఫార్మసిస్టుగా చెప్పవలసింది చాలా ఉంది కనుక ఇప్పుడు రాస్తున్నాను.

మొటిమలన్నీ ఒక్కటి కావు. నుదుటి మీద పొక్కినట్టు వచ్చి వారంలో ఎండిపోయేవి వేరు, చర్మం లోతున గడ్డకట్టి నెలల తరబడి సలిపి, పోతూ పోతూ గుంటలు మిగిల్చేవి వేరు. వెంట్రుక మొదట్లో ఉండే నూనె గ్రంథి మితిమీరి జిడ్డును తయారుచేయడం, ఆ రంధ్రం మూతి మూసుకుపోవడం, లోపల చిక్కుకున్న జిడ్డులో సూక్ష్మజీవులు పెరగడం, వాటి చుట్టూ వాపు రావడం అనే నాలుగు పనులు కలిసి జరిగితే మొటిమ పుడుతుంది. ఆ వాపు లోతుకు దిగినప్పుడు చర్మాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ దెబ్బతింటుంది, గుంటలు పడేది అందుకే. గుంట పడ్డాక దాన్ని పూర్తిగా పూడ్చే క్రీము లేదు. చాలా ఏళ్ల క్రితం, ఇంటర్ చదివే ఒక అబ్బాయి మెడలో తువ్వాలు చుట్టుకుని మా షాపుకు వస్తే, వయసు దాటితే తగ్గిపోతాయి నాయనా అని ధైర్యం చెప్పి సబ్బు ఇచ్చి పంపాను. రెండేళ్ల తరువాత వచ్చినప్పుడు మొటిమలు తగ్గాయి గానీ రెండు చెంపలూ గుంటలు పడ్డాయి. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరకు వెళ్లమని ఆ మొదటి రోజే చెప్పి ఉండవలసిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

డాక్టరు సాధారణంగా ముందు పైపూత మందులతో పాటు డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్‌ను మూడు నాలుగు నెలలకు మించకుండా రాస్తారు. దాన్ని గ్లాసు నిండా నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు, ఎందుకంటే అది అన్నవాహికలో అతుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. దీనికి లొంగని మొటిమలకు, గుంటలు పడుతున్న మొటిమలకు ఇచ్చేది ఐసోట్రెటినోయిన్. ఇది విటమిన్ ఏ కుటుంబానికి చెందిన మందు, 1982లో అమెరికాలో అనుమతి పొందింది. పైన చెప్పిన నాలుగు కారణాల మీదా పనిచేసే మందు ఇదొక్కటే. నూనె గ్రంథినే కుదించివేస్తుంది కనుక చాలామందికి ఒక్క కోర్సుతో ఏళ్ల తరబడి ఉపశమనం దొరుకుతుంది. కొందరికి మాత్రం రెండోసారి వాడవలసి వస్తుంది.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. కోర్సు మొత్తం మీద కిలోకు 120 నుంచి 150 మిల్లీగ్రాముల మందు ఒంటికి అందాలన్నది డాక్టర్లు ఎక్కువగా పాటించే లెక్క. 50 కిలోల బరువున్న వారికి అది కనీసం 6,000 మిల్లీగ్రాములు. రోజుకు 40 చొప్పున అయితే 150 రోజులు, 20 చొప్పున అయితే 300 రోజులు పడుతుంది. కాబట్టి రెండో నెలలో ముఖం తేటపడిందని మీ అంతట మీరు ఆపేయకండి. మొదటి వారాల్లో కొందరికి మొటిమలు తగ్గకపోగా ఎక్కువవుతాయి. అప్పుడు భయపడి మానేయకుండా డాక్టరుకు చూపించండి. ఈ క్యాప్సూల్ కొవ్వుతో కలిస్తేనే ఒంట్లోకి బాగా ఇంకుతుంది. పొద్దున్నే ఖాళీ కడుపున కాఫీతో మింగితే అందులో చాలా భాగం వృథా అవుతుంది, అందుకే మధ్యాహ్నం పప్పన్నంలో నెయ్యి వేసుకుని తిన్నాక వేసుకోవడం మన ఇళ్లలో అన్నిటికన్నా తేలిక.

పెదవులు ఎండి పగలడం దాదాపు అందరికీ జరుగుతుంది. నవ్వబోతే నోటి మూలలు చిట్లి మండుతాయి, కొందరికి ముక్కులోంచి కాస్త రక్తం వస్తుంది, కాంటాక్ట్ లెన్సులు కళ్లలో గరగరలాడతాయి. రోజుకు అయిదారు సార్లు వ్యాజిలిన్ రాసుకోవాలి. మన ఎండల్లో సన్‌స్క్రీన్ లేకుండా బయట తిరగకూడదు, వ్యాక్సింగ్ చేయించుకోకూడదు. రక్తంలో కొవ్వులనూ కాలేయాన్నీ చూడడానికి డాక్టరు చెప్పిన రక్తపరీక్షలు మానకూడదు. విటమిన్ ఏ మాత్రలు, చేప కాలేయపు నూనె క్యాప్సూల్స్ దీనితో వేసుకోవద్దు, మునగాకూ క్యారెట్టూ మాత్రం నిశ్చింతగా తినవచ్చు. ఇంతకుముందు రాసిన డాక్సీసైక్లిన్ ఇంట్లో మిగిలి ఉంటే దాన్ని ఈ మందుతో కలపనే కలపకండి, రెండూ కలిస్తే మెదడు చుట్టూ ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. విడవని తలనొప్పితో పాటు చూపు మసకబారితే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక ఆడపిల్లలకు, వారి తల్లులకు చెప్పేది నేను మొహమాటం లేకుండా చెబుతాను. ఈ మందు వాడుతున్నప్పుడు గర్భం వస్తే కడుపులో బిడ్డ మెదడు, గుండె, ముఖం, చెవులు తీవ్రమైన లోపాలతో ఏర్పడే ప్రమాదం చాలా ఎక్కువ. మొదలుపెట్టడానికి ఒక నెల ముందు నుంచి, ఆఖరి క్యాప్సూల్ తరువాత ఒక నెల వరకు గర్భం రాకూడదు. అమెరికాలో ఉన్న మీ పెద్దక్క ఈ మందు వాడినప్పుడు ఐప్లెడ్జ్ అనే పద్ధతిలో పేరు నమోదు చేయించుకోవలసి వచ్చింది. 2006లో మొదలైన ఆ పద్ధతిలో మగపిల్లలు కూడా నమోదు కావాలి, ఒకసారికి నెలకు సరిపడా మందే ఇస్తారు. మన దగ్గర అంత కట్టడి లేదు, చీటీ లేకుండా ఇచ్చే షాపులు ఉన్నాయని ఆ వృత్తిలో బతికిన మనిషిగా బాధతో ఒప్పుకుంటున్నాను. అందుకే పెళ్లి కుదిరిన పిల్ల అయినా, పెళ్లయిన పిల్ల అయినా ఈ సంగతి డాక్టరు దగ్గర దాచవద్దు. హాస్టల్లో రూమ్మేట్ తన స్ట్రిప్పులోంచి రెండు క్యాప్సూల్స్ తుంచి ఇస్తే పుచ్చుకోవద్దు.

ఈ మందు వాడే రోజుల్లో కొందరిలో దిగులు కనిపించిందని డాక్టర్లు గమనించారు. అది మందు వల్లనా, ముఖం చూసి పడే బాధ వల్లనా అన్న తర్కం వారికి వదిలేయండి. నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు లేకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ క్షణమే ఇంట్లో చెప్పండి, ఏ వేళైనా సరే నాకు ఫోన్ చేయండి. అమ్మానాన్నలు కూడా పిల్లవాడు గదిలోంచి రావడం లేదని కసురుకోకుండా, పక్కన కూర్చుని అడగాలి.

మొటిమలకు స్నేహితులు చెప్పారని బెటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు కలిసిన క్రీములు రాసుకున్నవారిని నేను లెక్కలేనంతమందిని చూశాను. వారం రోజులు ముఖం మెరుస్తుంది, ఆపగానే ఎర్రబడి, చర్మం పలచబడి, మొటిమలు రెట్టింపుగా పైకి వస్తాయి. మీ దగ్గర అలాంటి ట్యూబు ఉంటే డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు మానండి.

ఒక రోజు క్యాప్సూల్ మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకండి, మామూలుగా ఒక్కటే వేసుకోండి. కోర్సు నడుస్తున్నన్నాళ్లూ, అయిపోయాక మరో నెలా రక్తదానం చేయకండి, ఆ రక్తం ఏ గర్భిణికి ఎక్కిస్తారో మనకు తెలియదు. మేడ మీదకు వెళ్లిపోయిన నా బంగారు తండ్రికి వచ్చే వారం డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నీకు ఇష్టమైతే నేనూ తోడు వస్తాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ