పదో వంతు దాచారు సరే, ప్రోనోటు సంగతేంటి మాస్టారూ?

రిటర్నుల సీజన్ మొదలైతే ఒంగోల్లో నా ఆఫీసుకు వచ్చేవాళ్లలో కొందరు ఫారం-16తో పాటు ఒక దిగులు కూడా తెస్తారు. “సంపాదనలో పదో వంతు ముందే పక్కన పెడుతున్నాను సార్. ఇన్నేళ్లయినా చేతిలో ఏమీ కనపడదేంటి?” ఈ ఏడాది అడిగింది ఒక ప్రైవేటు స్కూలు లెక్కల మాస్టారు. జీతం 40 వేలు, బ్యాంకు ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) 4 వేలు. సంపాదనలో పదో వంతు దాచుకోమనే ‘ది రిచెస్ట్ మ్యాన్ ఇన్ బాబిలాన్’ పుస్తకం సారాంశం యూట్యూబ్‌లో విని మొదలుపెట్టారట.

అప్పులేమైనా ఉన్నాయా అంటే కాసేపు నేల చూశారు. వాళ్ల నాన్నగారి ఆపరేషన్‌కు ప్రోనోటు రాసి తెచ్చిన రెండు లక్షలు ఉన్నాయి, మూడు రూపాయల వడ్డీ. నెలకు 6 వేలు వడ్డీయే కడుతున్నారు, అసలు అలాగే ఉంది.

అపోహ: అప్పున్నా సరే, ముందు పొదుపు ఆగకూడదు.

అందరికంటే ఎక్కువ మందిని ముంచుతున్నది ఇదే, కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. నెలకు 4 వేల చొప్పున ఏడాది ఆర్డీ కడితే, 7 శాతం లెక్కన వచ్చే వడ్డీ 1,800 రూపాయల పైచిలుకు. అదే 4 వేలు నెలనెలా అసలులో జమేస్తే ఏడాదిలో తగ్గే వడ్డీ 9,360. మాస్టారు ఈ లెక్క పిల్లలకు రోజూ చెబుతారు. తన ఇంటి అప్పుకు మాత్రం వేసుకోలేదు. తప్పు పట్టను. వడ్డీ లెక్క వేసుకోవాలంటే భయం. ఆర్డీ పాసుబుక్కు చూసుకుంటే ధైర్యం. మనిషన్నవాడు రెండోదే తెరుస్తాడు.

అసలు ఆ పుస్తకం అలా చెప్పనే లేదు. అందులో అప్పులపాలైన ఒంటెల వర్తకుడి కథ ఒకటుంది. అతను సంపాదనను పది భాగాలు చేస్తాడు: ఏడు ఇంటి ఖర్చుకు, ఒకటి పొదుపుకు, రెండు అప్పులవాళ్లకు. సారాంశం చెప్పేవాళ్లు ఆ ఒకటి పట్టుకుని ఆ రెండు వదిలేశారు. ఇంకో సంగతి. రచయిత క్లాసన్ అమెరికాలో రోడ్డు మ్యాపులు అచ్చేసే కంపెనీ నడిపినాయన. ఈ కథలు 1926 నుంచి చిన్న చిన్న కరపత్రాలుగా వచ్చాయి. వాటిని జనానికి పంచింది ఎక్కువగా బ్యాంకులు, బీమా కంపెనీలు. డిపాజిట్లు కావలసినవాళ్లకు అందులో ఏ మాట ముద్దొస్తుందో వేరే చెప్పాలా?

నిజానికి మూడు రూపాయల అప్పు ఉంటే ఆ రెండు వంతులు కూడా చాలవు. బాబిలోనియా రాజు హమ్మురాబీ శాసనంలో వెండి అప్పుకు వడ్డీ ఏడాదికి 20 శాతం దాటకూడదు. మన మూడు రూపాయలంటే ఏడాదికి 36. నాలుగు వేల ఏళ్ల కిందటి రాజే ఒప్పుకోని వడ్డీ కడుతూ ఆయన ఊరి సలహా పాటిస్తున్నాం!

నేనూ ఈ తప్పు చేసినవాణ్నే. మొదటి ఉద్యోగంలో స్నేహితుడి దగ్గర ఈ పుస్తకం జిరాక్స్ చదివి, మర్నాడే పోస్టాఫీసుకెళ్లి నెలకు 500 ఆర్డీ కట్టాను. మూడేళ్లకు 18 వేలు దాచానని ఇంట్లో గొప్పగా చెప్పాను. అదే నెల మా నాన్న, అక్క పెళ్లికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షకు నోటు తిరగరాశారు. వడ్డీ 72 వేలు అసలులో కలిసి కొత్త నోటు లక్షా డెబ్బై రెండు వేలైంది. నాకు చెప్పలేదు. బీరువాలో ఆ నోటు జిరాక్స్ దొరికాక తెలిసింది. నేను గొప్ప చెప్పిన ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు, దానికి కారణం నాకు రెండేళ్ల తర్వాత అర్థమైంది.

కాబట్టి నేను చెప్పేది ఒకటే వరస. ఒక నెల ఇంటి ఖర్చు సేవింగ్స్ ఖాతాలో ఉంచండి, లేకపోతే రేపు పిల్లాడికి జ్వరమొస్తే మళ్లీ నోటే. ఆ తర్వాత మిగిలే ప్రతి రూపాయీ ఎక్కువ వడ్డీ అప్పుకే. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోండి. “మనలో మనకెందుకు” అనే మాట వినొద్దు. కొందరు అప్పిచ్చినవాళ్లు అసలును ముక్కలుగా తీసుకోరు, మొత్తం ఒకేసారి తెమ్మంటారు. అప్పుడు ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి ఆ నోటు తీర్చేయడం మేలు. ఏడాదికి 10 శాతం అనుకున్నా రెండు లక్షలకు నెలకు 1,700 లోపే. క్రెడిట్ కార్డు బాకీకీ ఇదే మాట. లోన్ యాప్ అయితే నన్ను అడగడానికి కూడా ఆగొద్దు, ఇవాళే తీర్చండి.

అపోహ: ఎల్‌ఐసీ పాలసీ కడుతున్నాను, అదే పొదుపు. బీమా, పొదుపు కలిపిన ఎండోమెంట్ పాలసీలో సాధారణంగా వచ్చేది 5, 6 శాతం. బీమా కావాలంటే ఒట్టి బీమా మాత్రమే ఉండే టర్మ్ పాలసీ తీసుకోండి. పొదుపు వేరే.

అపోహ: చిట్టీ పాడుకుంటే లాభం. మొదట్లోనే పాడుకున్నారంటే మీరు అప్పు తీసుకున్నట్టే. ఎంత తగ్గించి పాడారో లెక్కేస్తే దాని వడ్డీ తెలుస్తుంది.

అపోహ: ప్లాటు మీద అప్పు మంచి అప్పు. ప్లాటు అద్దె ఇవ్వదు, ఈఎంఐ ఆగదు.

అపోహ: గట్టిగా కోరుకుంటే డబ్బు వస్తుంది. దీని మీద నా టైమూ మీ టైమూ వద్దు.

అంత మాత్రాన ఆ బాబిలోను పుస్తకాన్ని తీసిపారేయను. వందేళ్లుగా జనం చదువుతున్నారంటే, అది పేదవాణ్ని సిగ్గుపెట్టకుండా డబ్బు మాట మాట్లాడింది కాబట్టే. నెల జీతం చేతికొచ్చి, పెద్ద వడ్డీలు లేనివాడికి పదో వంతు సూత్రం ఇప్పటికీ మంచిదే. పొగాకు రేటు మీద బతికే మా కొండపి వైపు రైతుకు మాత్రం నెల నెలా పదో వంతు అనే మాటకే అర్థం లేదు. ఆయనకు ఆదాయం వేలం రోజున వస్తుంది, అప్పులవాడూ ఆ రోజే వస్తాడు.

మాస్టారికి కాగితం మీద అంతా రాసిచ్చాను. ఆర్డీ మూసేయడానికి వెంటనే ఒప్పుకున్నారు. బంగారం దగ్గరే ఆగారు. “ఈ నెల మా బావమరిది పెళ్లి సార్. మా ఆవిడ మెడలో గొలుసు లేకపోతే మా అత్తగారు అడుగుతారు.” పెళ్లయ్యాక మర్నాడే బ్యాంకుకు వెళ్లమన్నాను. ఈలోపు ఇంకో 6 వేలు పోతాయని ఆయనకీ తెలుసు.