అపోహలు – వాస్తవాలు: గడ్డి మైదానం బంజరు భూమి కాదు

గడ్డి మైదానాల పరిరక్షణలో పనిచేస్తున్న నన్ను తొలకరికి ముందు ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: "ఊరి బయట బీడు ఖాళీగా ఉంది, మొక్కలు నాటిద్దామా?" అడిగేవారి మనసు మంచిదే, కానీ నేను చూసినంతలో మన దేశపు వన్యప్రాణులకు అన్నిటికంటే ఎక్కువ చేటు చేస్తున్న అపోహ ఇదే.

చెట్లు లేని నేలంతా నరికేసిన అడవి కాదు. వాన తక్కువగా కురిసే దక్కన్‌లోనూ, కచ్‌లోనూ, థార్ అంచుల్లోనూ చాలాచోట్ల గడ్డే సహజమైన పచ్చదనం. కృష్ణజింక, తోడేలు, బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) అక్కడే బతుకుతాయి. నేల మీద సాధారణంగా ఒక్క గుడ్డే పెట్టే బట్టమేక పిట్టకు దూరం నుంచే శత్రువు కనిపించే బయలు కావాలి. అలాంటి చోట వరుసగా చెట్లు పెంచితే ఆ పిట్ట స్థలం వదిలి వెళ్లిపోతుంది. గుజరాత్‌లోని బన్నీ మైదానంలో 1960లలో ఉప్పునేల విస్తరించకుండా సర్కారు తుమ్మను నాటారు. అది అదుపు తప్పి వ్యాపించడంతో మాల్ధారీ పశుపోషకుల మేత తగ్గిపోయింది. చెట్లయితేనే కార్బన్ నిలుస్తుందన్న మాట కూడా సరికాదు: గడ్డి నేలల్లో అది ఎక్కువగా వేళ్లలోనూ మట్టిలోనూ ఉంటుంది కాబట్టి, పైన నిప్పంటుకున్నా చాలావరకు మిగులుతుంది.

బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన నంద్యాల జిల్లా రోళ్లపాడు పరిసరాల్లో ఒక రైతు నన్ను పక్కకు పిలిచి, "సార్, పిట్ట కనపడిందని చెప్తే మా చేను లాగేసుకుంటారంట గదా?" అని అడిగారు. జింకలు మేసిన పంటకు పరిహారం కోసం తిరిగిన మనిషికి ఆ భయం ఉండటం సహజం, దాన్ని పెంచి పోషించే పుకార్ల మీదే నా కోపం. పిట్ట వాలినంత మాత్రాన పట్టా పోదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం కోసం భూమి తీసుకోవాలంటే, కలెక్టర్ హక్కులపై విచారణ జరిపి, పరిహారం నిర్ణయించాలి.

కరెంటు తీగలు పక్షికి కనిపిస్తాయని కొందరంటారు. బరువైన ఈ పిట్టకు ఎదురుగా చూసే చూపు తక్కువ, అందుకే ఢీకొని చనిపోతోంది. జైసల్మేర్‌లో గుడ్లు పొదిగించి పిల్లలను పెంచుతున్నారు కదా అంటే, పెరిగిన పిట్టలను వదలడానికీ బయలే కావాలి.

మొక్కలు నాటాలనుకునేవారు బడి ఆవరణలోనో రోడ్డు పక్కనో నాటండి. ఊరి బీడులో మాత్రం ముందు సర్కారు తుమ్మను వేళ్లతో సహా తీయించి, ఒక వానాకాలం ఆగి ఏ గడ్డి మొలుస్తుందో చూడండి.