ఈ సంతకం ఎవరిది? విశాఖ నీళ్ళ మీద అపోహలు - వాస్తవాలు

మంచినీటి సరఫరా ఇంజనీరింగులో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కాలనీ సంఘాల వాళ్ళు అర్జీలు రాసుకుని తెస్తే చూసిపెడుతుంటాను. వాటిలో సగం వెళ్ళాల్సిన ఆఫీసుకి కాకుండా ఇంకో ఆఫీసుకి రాసినవే. మిగతావాటిలో కోపం కనిపిస్తుంది గానీ ఏం కావాలో ఉండదు. తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కుళాయి రాకపోతే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వాళ్ళు వాల్వ్ కట్టేసినట్టే.

కావచ్చు, కాకపోవచ్చు. ముందు మీ ఇంటికొచ్చే నీళ్ళు ఎక్కడివో కనుక్కోండి. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్లు మన పక్కనే ఉన్నాయి. తాటిపూడి విజయనగరం జిల్లాలో, గోస్తనీ మీద ఉంది. శారదా నది మీది రైవాడ సాగునీటి ప్రాజెక్టు, దాని కింద ఆయకట్టు రైతులున్నారు. వాళ్ళ పొలమూ మన బిందే ఒకే నీటికోసం చూస్తుంటాయి. ఏలేరు నీళ్ళయితే ఏలేశ్వరం నుంచి 150 కిలోమీటర్ల పైచిలుకు కాలువలో నడిచొస్తాయి. చాలనప్పుడు గోదావరి నీళ్ళు ఎత్తిపోసి అందులో కలుపుతారు. ఆ కాలువ వ్యవహారాలకి విశాఖపట్నం ఇండస్ట్రియల్ వాటర్ సప్లై కంపెనీ అని వేరే సంస్థ ఉంది. పంపుహౌసులకి కరెంటు ఈపీడీసీఎల్ ఇస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక జనం నీళ్ళకి అల్లాడింది రిజర్వాయర్లు ఎండి కాదు, మోటారు తిప్పడానికి కరెంటు లేక.

ఇన్ని చేతులు మారుతాయి కాబట్టే "అది మా పరిధి కాదమ్మా" అనే మాట అంత తేలిగ్గా వస్తుంది. దానికి మందు సమాచార హక్కు చట్టంలోనే ఉంది. దరఖాస్తు తప్పు ఆఫీసుకి చేరితే వాళ్ళే 5 రోజుల్లో సరైన ఆఫీసుకి పంపి, ఆ సంగతి మీకు చెప్పాలి. సెక్షన్ 6(3). ఈ నంబరు దరఖాస్తు కింద రాసి చూడండి, కౌంటర్లో మాట తీరు మారుతుంది.

ఇంకో సంగతి. 2007లో ఎన్నికైన జీవీఎంసీ కౌన్సిల్ గడువు 2012లో తీరింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. తొమ్మిదేళ్ళపాటు వీధిలో ఆపి నిలదీయడానికి కార్పొరేటరే లేడు. అర్జీ ఎవరికి రాయాలో జనానికి తెలీకుండా పోయిందంటే నాకేం ఆశ్చర్యం లేదు.

అపోహ: టీడీఎస్ తక్కువ చూపిస్తే నీళ్ళు మంచివే.

"మీటరు పెట్టి చూశాం బాబూ, ఎనభయ్యే వచ్చింది, ఇంకేటి?" అంటారు. ఆ మీటరు కొలిచేది నీళ్ళలో కరిగిన లవణాలని. మురుగు చుక్క కలిసినా దాని ముల్లు పెద్దగా కదలదు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా సరే, వేరే దారి లేనిచోట 2000 దాకా ఓర్చుకోవచ్చు. ప్రాణం మీదికి తెచ్చేవి వేరే. మలం కలిసిందని చెప్పే ఈ-కోలి బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లలో ఒక్కటి కూడా ఉండకూడదు. కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

ఓ కాలనీలో వరసగా కామెర్లు వచ్చాయి. ట్యాంకు దగ్గర నీళ్ళు పరీక్ష చేస్తే బాగానే ఉన్నాయి. వీధి వీధీ తవ్వుకుంటూ పోతే దొరికింది: ఒక ఇంటి సర్వీసు పైపు మురుగు కాలవ అడుగు నుంచి పోయింది, తుప్పుపట్టి చిల్లులు పడింది. నీళ్ళు వదిలినంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది, బయటిది లోపలికి రాదు. కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది, అప్పుడా చిల్లే కాలవలోని మురుగుని పీలుస్తుంది. మర్నాడు పొద్దున్న మొదటి బిందెలో పడేది అదే. కుళాయి లైనుకి నేరుగా మోటారు బిగించినా ఇదే జరుగుతుంది. ఆ మోటారు పెట్టేది మనమే, అర్జీలో మాత్రం రాయం.

కాబట్టి "నీళ్ళు బాగోలేదు" అని రాసి ఊరుకోకండి. వీధి చివరి కుళాయి దగ్గర గత మూడు నెలల్లో తీసిన క్లోరిన్ రీడింగులు, బ్యాక్టీరియా పరీక్షల రిపోర్టులు తేదీలతో సహా ఇమ్మని సమాచార హక్కు కింద అడగండి. రీడింగులు తీసి ఉంటే ఇస్తారు. తీయకపోతే, తీయలేదని రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకమే మీక్కావాల్సింది.

అపోహ: ఫ్యాక్టరీకి పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) అనుమతి ఉందంటే అంతా సక్రమమే.

సీఎఫ్‌ఈ ఫ్యాక్టరీ కట్టడానికి, సీఎఫ్‌ఓ నడపడానికి ఇచ్చే అనుమతులు. పర్యావరణ అనుమతి వేరే కాగితం, వేరే అధికారులు ఇస్తారు. ఒకటుంటే రెండోది ఉన్నట్టు కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి ఊరి మీద పడింది. ఆ కంపెనీ అంతకు ఏడాది ముందే, 2019 మేలో, చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి తమ దగ్గర లేదని అఫిడవిట్లో తనే ఒప్పుకుంది. ఫ్యాక్టరీ మాత్రం నడుస్తూనే ఉంది. ప్రమాదం జరిగిన మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్లు డిపాజిట్ చేయమంది. ఆ అఫిడవిట్ కదిలిన ఫైళ్ళ మీద ఎవరెవరి సంతకాలున్నాయన్న ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

చాలామందికి తెలియనిది ఒకటుంది. 1974 నీటి కాలుష్య చట్టం సెక్షన్ 25 కింద, అనుమతుల్లో పెట్టిన షరతులన్నీ బోర్డు ఒక రిజిస్టరులో రాసి ఉంచాలి. ఆ వ్యర్థజలాల వల్ల బాధపడేవాళ్ళు ఎవరైనా వెళ్ళి చూడొచ్చు.

అపోహ: ప్రజాభిప్రాయ సేకరణలో చేతులెత్తి వద్దంటే ఫ్యాక్టరీ ఆగిపోతుంది.

ఓటింగు ఉండదు, కోరం కూడా అక్కర్లేదు. మీరు లేవనెత్తిన అభ్యంతరం మినిట్స్‌లోకి ఎక్కిందా లేదా అన్నదొక్కటే లెక్క. సభ చివర్లో ఆ సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలని 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చెబుతోంది. భోజనం ప్యాకెట్లు కనబడగానే జనం లేచిపోతారు. ఆ చదివేది ఖాళీ కుర్చీలు వింటాయి.

అపోహ: ఆర్టీఐ కింద కాగితాలే ఇస్తారు.

10 రూపాయల ఫీజుతో పనులు జరిగేచోటికి వెళ్ళి చూసే హక్కు, వాడిన సామాను నమూనాని ధ్రువీకరించి ఇమ్మని అడిగే హక్కు రెండూ వస్తాయి. సెక్షన్ 2(జె). కొత్త పైప్‌లైను వేశామంటే పైపు ముక్క అడగండి.